పదిమంది కూడినచోట

ఒకరి ఆలోచన కన్నా పదిమంది ఆలోచన మేలన్నది లోకంలో పాతుకుపోయిన నమ్మకం. వెనుకటి రోజుల్లో ఊరి పెద్దలు రచ్చబండ మీద కూర్చున్నది ఆ నమ్మకంతోనే. నేటి కర్మాగారాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు కూడా అదే నమ్మకంతో ఉద్యోగులను ఒక గదిలోకి పిలిచి, ‘ఈ సమస్యకు మీకు తోచిన పరిష్కారం చెప్పండి’ అని అడుగుతున్నాయి. ఇలాంటి సమావేశానికి మేధోమథనం అని పేరు పెట్టారు. పేరు గంభీరమైనదే. కాని పదిమందిని ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన పదిమంది ఆలోచనలూ బయటికి వస్తాయా? చాలాచోట్ల రావడం లేదు. పదిమంది కూర్చుంటారు, ఇద్దరు మాట్లాడతారు, ఒకరి మాట చెల్లుతుంది. మిగిలిన ఎనిమిదిమంది తలల్లో ఉన్నది ఉన్నట్టే వారితోపాటు ఇంటికి తిరిగి వెళ్తుంది.

కలిసి ఆలోచించడం మంచిదే. అయితే అందుకు మూడు నియమాలు తప్పనిసరి. కూడకముందే ఎవరికి వారు ఆలోచించాలి. కూడిన తరువాత చిన్నవారి మాట ముందు వినాలి. పెద్దవారు చివర మాట్లాడాలి. ఈ మూడూ లేని మేధోమథనం కాలహరణం. అంతేకాదు, నోరులేనివారికి అన్యాయం కూడా.

ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికాకు చెందిన అలెక్స్ ఓస్బోర్న్. ఆయన ఒక పెద్ద ప్రకటనల సంస్థలో భాగస్వామి. కొత్త ప్రకటనలకోసం ఉద్యోగులను కూర్చోబెట్టి ఆలోచనలు రాబట్టే విధానాన్ని 1948లో, 1953లో వెలువరించిన పుస్తకాలలో ఆయన వివరించాడు. ఆయన చెప్పిన నియమాలు నాలుగు. ఎన్ని ఎక్కువ ఆలోచనలు వస్తే అంత మంచిది. సమావేశం సాగుతున్నంతసేపు ఎవరి ఆలోచననూ ఎవరూ విమర్శించరాదు. వింతగా తోచే ఆలోచనను కూడా ఆహ్వానించాలి. ఒకరి ఆలోచనకు మరొకరు మెరుగులు దిద్దవచ్చు, రెండింటిని కలిపి మూడోదాన్ని తయారుచేయవచ్చు. బృందంలో కూర్చున్న మనిషి ఒంటరిగా ఉన్నప్పటికన్నా రెట్టింపు ఆలోచనలు చేయగలడని ఓస్బోర్న్ గట్టిగా నమ్మాడు.

ఈ నియమాలలో ఎంతో వివేకం ఉంది. పాలకడలిని చిలికినప్పుడు ముందుగా పుట్టింది హాలాహలం. అది చూసి కవ్వం వదిలేసి ఉంటే అమృతం దాకా వచ్చేవారే కారు. మొదట వచ్చిన ఆలోచన చేదుగా ఉందని చిలకడం ఆపరాదన్నదే ఓస్బోర్న్ రెండో నియమం సారాంశం. కాని ఆ పురాణకథలోనే మరో విషయం ఉంది. మందరగిరి కవ్వంగా నిలిచింది, వాసుకి తాడుగా అమరింది. అయినా కింద ఆధారం లేక కొండ సముద్రంలోకి కుంగిపోయింది. కూర్మం వీపు పట్టిన తరువాతే మథనం సాగింది. మేధోమథనానికీ అలాంటి ఆధారం కావాలి. కింద ఏర్పాటు లేనప్పుడు పైన ఎంతమంది చేతులు వేసినా కొండ కుంగుతుంది.

ఓస్బోర్న్ నమ్మకాన్ని పరీక్షకు పెట్టినవారు ఉన్నారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ టేలర్, ఆయన సహచరులు 1958లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. నలుగురేసి కూర్చుని కలిసి ఆలోచించిన బృందాలను ఒక పక్కన, ఎవరికి వారు విడిగా ఆలోచించిన నలుగురేసి మనుషుల జాబితాలను కలిపి ఇంకో పక్కన పెట్టి పోల్చారు. విడిగా ఆలోచించినవారి ఆలోచనలే దాదాపు రెట్టింపు వచ్చాయి. ఓస్బోర్న్ ఊహించినదానికి ఇది పూర్తిగా తలకిందులు. ఆ తరువాత అనేకమంది పరిశోధకులు జరిపిన పరీక్షల్లోనూ ఇంచుమించు ఇదే ఫలితం కనిపించింది.

ఎందుకిలా జరుగుతుంది? మొదటి కారణం వంతు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగాలి. ఆగినంతసేపట్లో తలలో మెదిలిన ఆలోచన జారిపోతుంది, లేదా దాన్ని జారిపోకుండా పట్టుకునే ప్రయత్నంలో కొత్త ఆలోచన పుట్టదు. జర్మన్ పరిశోధకులు మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ ష్ట్రోబె 1987లో ప్రచురించిన పరిశోధనలో అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇదేనని తేల్చారు. రెండో కారణం జంకు. విమర్శించరాదని నియమం పెట్టవచ్చు. పెదవి విరుపునూ, పక్కచూపునూ ఏ నియమం ఆపగలదు? పదిమందిలో నవ్వులపాలు కావడంకన్నా నోరు మూసుకోవడం నయమనుకునేవారే ఎక్కువ. నలుగురితో నారాయణ అనడం అలవాటైన చోట అయిదో మాట పుట్టదు.

మూడో కారణం బాధ్యత పలచబడటం. రాజుగారు ఊరివారందరినీ తలా ఒక చెంబెడు పాలు తెచ్చి తొట్టిలో పోయమంటే, అందరూ పాలు పోస్తారు గదా, తానొక్కడు నీళ్ళు పోస్తే ఎవరికి తెలుస్తుందని ప్రతివాడూ అనుకున్నాడట. తెల్లవారేసరికి తొట్టినిండా నీళ్ళే ఉన్నాయట. ఇది కథ. దీన్ని పోలిన నిజాన్ని మాక్స్ రింగెల్మన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొలిచి చూపాడు. తాడు ఒక్కడే లాగేటప్పుడు పెట్టినంత బలం గుంపుతో కలిసి లాగేటప్పుడు మనిషి పెట్టడంలేదని ఆయన 1913లో ప్రచురించిన పరిశోధన వల్ల తెలిసింది. తాడు విషయంలో నిజమైనది తలపు విషయంలోనూ నిజమే.

వీటికి తోడు అధికారి సమక్షం ఉండనే ఉంది. చిన్న లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. పదిమంది ఒక గంట కూర్చుంటే తలకు ఆరు నిమిషాలు వస్తాయి. అధికారి ఒక్కరే అరగంట మాట్లాడితే మిగిలిన తొమ్మిదిమందికి తలకు మూడు నిమిషాల ఇరవై సెకన్లు మిగులుతాయి. ఆ కాస్త సమయాన్ని కూడా అధికారి చెప్పినదాన్ని మెచ్చుకోవడానికే చాలామంది ఖర్చు చేస్తారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని అధికారి అంటే, నాలుగో కాలు చూసినవాడు కూడా తలవంచుకుంటాడు. మౌనం అర్ధాంగీకారమని అధికారి సంతోషిస్తాడు. సమావేశం ఏకగ్రీవంగా ముగుస్తుంది. సమస్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

దీనివల్ల జరిగే నష్టం ఎలాంటిదో ఒక ఉదాహరణతో చెప్పుకోవచ్చు. షోలాపూర్, భివండీ వంటి ఊళ్ళలో తెలుగు నేతకుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. అలాంటి ఒక ఊళ్ళో మరమగ్గాల షెడ్డును ఊహించుకోండి. కొన్నాళ్ళుగా గుడ్డలో లోపాలు ఎక్కువయ్యాయి. యజమాని అందరినీ పిలిచి, ‘పనివాళ్ళ అజాగ్రత్త పెరిగింది. ఏం చేద్దామో చెప్పండి’ అన్నాడు. జవాబు ప్రశ్నలోనే ఉంది. మేస్త్రీ జరిమానా వేయాలన్నాడు. గుమస్తా తనిఖీ పెంచాలన్నాడు. మధ్యాహ్నం పూట పడుగు పోగులు ఎక్కువగా తెగుతున్నాయనీ, అదీ తలుపు పక్కనున్న మగ్గాల మీదే ఎక్కువనీ ఆ మగ్గం నడిపే మనిషికి తెలుసు. వేడిగాలి సోకి తేమ తగ్గితే నూలుపోగు బలం తగ్గి తెగుతుంది. నూలు మిల్లుల్లో గాలికి తేమనిచ్చే ఏర్పాటు చేసేది అందుకే. ఒక తలుపు మూయించి, నేల తడిపితే తగ్గే నష్టానికి జరిమానాలు విధించారు. ఆ మనిషిని ఎవరూ అడగలేదు. అడిగినా, యజమాని ‘అజాగ్రత్త’ అన్న తరువాత తలుపు సంగతి చెబితే సాకు చెప్పినట్టవుతుందని అతను జంకేవాడు. జరిమానా సొమ్ము పోయింది అతని కూలిలోంచే.

పని దగ్గర నిలబడే మనిషికి ఆ పని గురించి తెలిసినంత దూరాన కూర్చున్నవారికి తెలియదన్న సత్యాన్ని గుర్తించి, దాన్నొక క్రమపద్ధతిగా మలచినవారు జపానువారు. ఆ దేశంలో 1962లో నాణ్యతా వలయాలు మొదలయ్యాయి. కవోరు ఇషికావా అనే ఆచార్యుడు వాటికి మార్గదర్శి. ఒకే విభాగంలో పనిచేసే కొద్దిమంది కార్మికులు తమంతట తాము ఒక బృందంగా ఏర్పడి, క్రమం తప్పకుండా కూర్చుని, తమ పనిలోని చిక్కులను తామే పరిశీలించుకోవడం నాణ్యతా వలయం ముఖ్యలక్షణం. సమస్యను చేప తలగానూ, దానికి గల కారణాలను చేపముళ్ళుగానూ గీసుకుని ఒక్కొక్క ముల్లునూ విడదీసి చూడటం ఇషికావా నేర్పిన ఉపాయం. ఎవరిది తప్పు అన్న ప్రశ్న పక్కకు తప్పుకుని, ఏది కారణం అన్న ప్రశ్న ముందుకు రావడం ఇందులోని మేలు.

భారతదేశంలో ఈ ఉద్యమం తెలుగునేల మీదనే మొదలయింది. హైదరాబాదు దగ్గర రామచంద్రాపురంలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారంలో 1980లో నాణ్యతా వలయాలకు శ్రీకారం చుట్టారు. అక్కడ జనరల్ మేనేజరుగా ఉన్న ఎస్.ఆర్. ఉడుపా ఇందుకు పూనుకున్నారు. 1982లో భారత నాణ్యతా వలయాల వేదిక ఏర్పడి, ఇతర రాష్ట్రాలకు కూడా ఈ పద్ధతి విస్తరించింది. తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా నివసిస్తున్న హోసూరులో కర్మాగారం ఉన్న టి.వి.ఎస్. మోటార్ కంపెనీ 2002లో జపాను దేశపు డెమింగ్ బహుమతి పొందింది. సంస్థ అంతటా, అందరి భాగస్వామ్యంతో నాణ్యతను పెంచే కృషికి ఇచ్చే బహుమతి అది. అంటే పనివారి మాట వినడం దయాదాక్షిణ్యాలకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, పరిశ్రమకు లాభసాటి కూడా అన్నమాట.

మరి సమావేశాన్ని ఎలా నడపాలి? ముందుగా ప్రశ్న స్పష్టంగా ఉండాలి. ‘నాణ్యత ఎలా పెంచాలి?’ అంటే ఉపన్యాసాలు వస్తాయి. ‘మధ్యాహ్నం షిఫ్టులో పోగులు ఎందుకు ఎక్కువ తెగుతున్నాయి?’ అంటే జవాబులు వస్తాయి. ఆ ప్రశ్నను ఒకరోజు ముందే అందరికీ తెలపాలి. కూర్చున్న తరువాత మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, తోచినవి కాగితం మీద రాసుకోవాలి. రాయడం రానివారు బొమ్మ గీయవచ్చు, పక్కవారికి చెప్పి రాయించుకోవచ్చు. ఆపైన వంతులవారీగా ఒక్కొక్కరు ఒక్కొక్క ఆలోచన చొప్పున చెప్పాలి. ఉద్యోగంలో చిన్నవారితో మొదలుపెట్టి, అధికారితో ముగించాలి. అన్నీ పలకమీద రాయాలి. పేర్లు రాయనక్కరలేదు. పేరు లేని ఆలోచన మంచిచెడ్డలనే చూస్తారు గాని, చెప్పినవారి హోదాను చూడరు.

మౌనంగా రాయడంలోని శక్తి ఎంతటిదో 1968లో బెర్న్‌ట్ రోర్‌బాఖ్ అనే జర్మన్ దేశస్థుడు ప్రతిపాదించిన పద్ధతి చూస్తే తెలుస్తుంది. ఆరుగురు కూర్చుని, అయిదు నిమిషాల్లో తలా మూడు ఆలోచనలు రాసి కాగితాన్ని పక్కవారికి అందిస్తారు. పక్కవారు వాటిని చదివి, ఇంకో మూడు జోడిస్తారు. ఆరు కాగితాలూ ఆరుగురి చేతులూ తిరిగేసరికి అరగంట గడుస్తుంది. కాగితాల మీద 108 ఆలోచనలు ఉంటాయి. అన్నీ పనికిరావు. పది పనికొచ్చినా ఆ అరగంట వృథా కాలేదు. అందరికన్నా గొంతు పెద్దదైన మనిషికీ, అసలు గొంతు పెగలని మనిషికీ అక్కడ సమానంగా మూడేసి గళ్ళే ఉంటాయి.

స్వరాష్ట్రానికి వెలుపల చదువుకుంటున్న తెలుగు పిల్లలు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. బళ్ళారిలోనో, బరంపురంలోనో, హోసూరులోనో, భివండీలోనో రేపు వారు పనిచేయబోయే చోట సమావేశం కన్నడంలోనో, ఒడియాలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో జరగవచ్చు. పని చేసే చేతికి భాషతో నిమిత్తం లేదు. మాట్లాడే నోటికి ఉంది. ఇంటి భాషలో మెరుపులా తోచిన ఆలోచనకు సభ భాషలో మాటలు వెదుక్కునేలోగా వంతు దాటిపోతుంది. తెలివి లేక కాదు, మాట అందక మనిషి వెనకబడతాడు. కాబట్టి మొదటి పది నిమిషాలు ఎవరికి వచ్చిన భాషలో వారు రాసుకునే వీలుండాలి. దాన్ని తరువాత తోటివారు సభ భాషలోకి మార్చి చెప్పవచ్చు. ఇందుకు డబ్బు ఖర్చు లేదు. కావలసింది కాస్త ఓపిక.

ఈ న్యాయం రెండువైపులా పదునున్నది. తెలుగువారే ఎక్కువగా ఉన్న పనిచోట ఒక్క ఒడియా మనిషి, ఒక్క మరాఠీ మనిషి ఉంటే ఆ ఓపిక తెలుగువారు చూపాలి. అలాగే ఉంటున్న రాష్ట్రపు భాషను చక్కగా నేర్చుకోవడం తెలుగు పిల్లల బాధ్యత. ఇరుగుపొరుగు భాష వచ్చినవారు తమ ఆలోచననూ కాపాడుకోగలరు, పక్కవారి ఆలోచననూ సభకు చేర్చగలరు. రెండు భాషలు వచ్చిన మనిషి సమావేశంలో వంతెన వంటివాడు.

ఈ పద్ధతిపై అభ్యంతరాలు లేకపోలేదు. ఇంత తతంగానికి తీరిక ఎక్కడిదని కొందరంటారు. పదిమంది గంటసేపు కూర్చుంటే పది గంటల పని ఆగుతుందన్నది నిజమే. అందుచేతనే ఆ పది గంటలను ఇద్దరి ఉపన్యాసాలకు ధారపోయరాదు. నిపుణుణ్ణి అడిగితే సరిపోతుంది గదా అని మరికొందరంటారు. నిపుణుడు అవసరమే. అయితే నిపుణుడికి యంత్రం తెలుస్తుంది, ఆ షెడ్డులో ఏ తలుపు ఎప్పుడు తెరిచి ఉంటుందో తెలియదు. విడిగా ఆలోచిస్తేనే ఎక్కువ ఆలోచనలు వస్తాయన్నప్పుడు అసలు కూడటం ఎందుకని ఇంకొందరు అడగవచ్చు. ఇది గట్టి ప్రశ్నే. ఆలోచనలు పుట్టించడానికి ఏకాంతం మంచిది. పుట్టినవాటిని ఏరడానికీ, రెండింటిని జోడించడానికీ, వాటిలోని చిక్కులు ముందే పసిగట్టడానికీ పదిమంది కావాలి. పైగా తాము కూర్చుని నిర్ణయించిన పనిని మనుషులు తమదిగా భావించి చేస్తారు. ఆజ్ఞగా వచ్చిన పనిని ఆజ్ఞ ఉన్నంతసేపే చేస్తారు.

చివరిగా ఒక మాట. సమావేశం ముగియగానే బాధ్యత ముగియదు. ఏ ఆలోచనను స్వీకరించారో, దాన్ని ఎవరు, ఎప్పటిలోగా అమలు చేస్తారో రాసిపెట్టాలి. స్వీకరించనివాటికి కారణం చెప్పాలి. ఇదెంతో ముఖ్యం. తన ఆలోచన ఏమయిందో తెలియని మనిషి రెండోసారి కాగితం మీద ఏదో గిలికి ఇస్తాడు, మూడోసారి తెల్లకాగితమే ఇస్తాడు. ‘మీ సలహా పరిశీలించాం, ఫలానా ఇబ్బంది వల్ల ఇప్పుడు కుదరదు’ అని గౌరవంగా చెబితే అదే మనిషి ఆ ఇబ్బందికి కూడా ఉపాయం వెదుకుతాడు.

ఈ అలవాటుకు పాఠశాలే తొలి మెట్టు. తరగతిలో బృందంగా కూర్చుని ఒక పని తలపెట్టినప్పుడు ఎప్పుడూ మాట్లాడే ఇద్దరే మాట్లాడుతున్నారేమో గమనించండి. వెనక వరుసలో కూర్చున్నవారిని ముందు అడగండి. జవాబు వెంటనే రాకపోతే కాస్త ఆగండి. మాటకారితనం ఒక గుణమే గాని, అదొక్కటే తెలివికి కొలమానం కాదు. ఎనిమిదిమంది తలల్లో ఉన్నది ఇంటికి తిరిగి వెళ్ళిపోకుండా సభలోకి రాబట్టడం నేర్చినవారు రేపు ఏ కర్మాగారంలో, ఏ కార్యాలయంలో అడుగుపెట్టినా అక్కడి పనికీ, అక్కడి మనుషులకూ మేలు చేసినవారవుతారు.